హామీ ఇచ్చినవాళ్లు నిలబడాలి



ఇజ్రాయెల్, పాలస్తీనాల మధ్య నెత్తురు పారినప్పుడల్లా దేశాధినేతలు ఖండిస్తూ ప్రకటనలు చేస్తారు. ఆ ప్రకటనలతో ఒక్క ప్రాణమూ నిలబడదు. మరి బయటి దేశాలు చేయగలిగింది ఏముంది? చరిత్రలో రెండు సందర్భాలు చూద్దాం.

మొదటిది 1956. బ్రిటన్, ఫ్రాన్స్‌లతో కూడబలుక్కుని ఇజ్రాయెల్ ఈజిప్టు మీద దాడి చేసింది. సినాయ్‌నీ, గాజానూ ఆక్రమించింది. వెనక్కి తగ్గకపోతే ఆంక్షలు తప్పవని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ గట్టిగా ఒత్తిడి తెచ్చాడు. 1957 మార్చిలో ఇజ్రాయెల్ సేనలు వెనుదిరిగాయి. సరిహద్దులో ఐక్యరాజ్యసమితి శాంతిసేన కాపలాకు దిగింది. అందులో మన భారత సైనికులూ ఉన్నారు. పదేళ్లపాటు ఆ సరిహద్దు చాలావరకు సద్దుమణిగింది. 1967 మేలో ఈజిప్టు పొమ్మంది, కాపలా తొలగింది. జూన్‌లో యుద్ధం వచ్చింది. ఇంకా గాజాలోనే ఉన్న మన జవాన్లలో కొందరు అందులో ప్రాణాలు కోల్పోయారు.

రెండోది 1982, బీరూట్. నగరాన్ని ఇజ్రాయెల్ ముట్టడించింది. పాలస్తీనా విమోచన సంస్థ యోధులు వెళ్లిపోతే, వెనక మిగిలిన కుటుంబాలకు రక్షణ ఉంటుందని అమెరికా హామీ ఇచ్చింది. యోధులు వెళ్లారు. కాపలాకు వచ్చిన అమెరికా, ఫ్రాన్స్, ఇటలీ సేనలూ సెప్టెంబరులో తొందరపడి వెళ్లిపోయాయి. కొద్దిరోజులకే, సెప్టెంబరు 16న, ఇజ్రాయెల్ సైన్యం దారి ఇవ్వగా లెబనాన్‌కు చెందిన ఫలాంజిస్టు క్రైస్తవ సాయుధ ముఠాలు పాలస్తీనా శరణార్థులు ఉండే సబ్రా, షతీలాల్లోకి దిగి వందలాది మంది పౌరులను ఊచకోత కోశాయి.

ఈ రెండింటి నుంచీ తేలేది ఒకటే. మాట వెనుక ఒత్తిడి ఉండాలి, ఒప్పందం తర్వాత కాపలా ఉండాలి. ఏ ఒక్కటి లోపించినా మూల్యం చెల్లించేది సామాన్యులే.

ఆ ఒత్తిడి ఇరుపక్షాల మీదా పనిచేయాలి. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు. ఆ తర్వాత గాజాలో పదుల వేల మంది నేలకొరిగారు. హమాస్‌కు అండగా నిలిచే దేశాలు బందీలను పట్టడాన్నీ, పౌరులను చంపడాన్నీ ఆపించాలి. ఇజ్రాయెల్‌కు ఆయుధాలిచ్చే దేశాలు వాటి వాడకానికి షరతులు పెట్టి, ఉల్లంఘిస్తే సరఫరా ఆపాలి. మిత్రుడి తప్పును చూసీ చూడనట్టు వదిలేసే దేశానికి శత్రువు తప్పును వేలెత్తి చూపే అర్హత ఉండదు.

భారత్ 1988లో పాలస్తీనాను గుర్తించింది. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఇద్దరితోనూ మాట్లాడగల స్థానం మనది. ఆ స్థానాన్ని ప్రాణాలు కాపాడటానికి ఎలా వాడుతున్నారో మీ పార్లమెంటు సభ్యుణ్ణి అడగండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.