జింకల పార్కులో మన మర్యాద



లేడి అనగానే మనకు సీతమ్మ ముచ్చటపడిన బంగారు లేడి, శకుంతల సాకిన లేడికూన గుర్తుకొస్తాయి. కంటితో చూడాలంటే మాత్రం జంతు ప్రదర్శనశాలకు వెళ్ళి, కంచె ఇవతల నిలబడవలసిందే కదా! జపానులోని నారా నగరంలో అలా కాదు. అక్కడి పార్కులో వెయ్యికి పైగా జింకలు యాత్రికుల మధ్య స్వేచ్ఛగా తిరుగుతుంటాయి.

నారా 8వ శతాబ్దంలో జపానుకు రాజధాని. అక్కడి తోదైజీ ఆలయంలోని మహాబుద్ధ విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం చేసినవారు మన భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు. ఆ పక్కనే కసుగా దేవాలయం. ఆ దేవుడు తెల్ల జింకనెక్కి వచ్చాడని అక్కడివారి నమ్మకం. అందుకే జింకలు వారికి దేవదూతలు. 1957లో ప్రభుత్వం కూడా వాటిని రక్షిత సహజ సంపదగా ప్రకటించింది.

పార్కులో జింకల కోసమే బిళ్ళలు అమ్ముతారు. బియ్యపు తవుడు, పిండి కలిపి చేస్తారు, పంచదార వేయరు. బిళ్ళ చూపిస్తే చాలు, కొన్ని జింకలు తల వంచి దణ్ణం పెట్టినట్లు చేస్తాయి. పిల్లలకు ఎంత సంబరమో! అయితే బిళ్ళ చూపించి, వెనక్కి దాచి ఊరిస్తే మాత్రం ఊరుకోవు. కొరుకుతాయి, తలతో పొడుస్తాయి. సాధువులే గాని, అవి పెంపుడు జంతువులు కావు సుమా! బిళ్ళలయిపోతే రెండు చేతులూ చాపి చూపించాలి. మెల్లగా వెళ్ళిపోతాయి. పిల్లతల్లుల దగ్గరికీ, శరత్కాలంలో మగ జింకల దగ్గరికీ పోకపోవడమే మేలు.

ఇక మనం ముఖ్యంగా ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. 2019లో అక్కడ వరసగా కొన్ని జింకలు చనిపోయాయి. కోసి చూస్తే, తొమ్మిది జింకల కడుపుల్లో ప్లాస్టిక్ సంచులు, తినుబండారాల పొట్లాల కాగితాలు! ఒక దాని కడుపులో నాలుగు కిలోలకు పైగా ఉన్నాయట. తిండి వాసన తగిలిన సంచిని అది తిండే అనుకుంటుంది, పాపం. అరగదు, బయటికి పోదు. కడుపు నిండినట్లే ఉండి, తిండి లేక చిక్కి చచ్చిపోతుంది. ఆ సంచులు విసిరినవారెవరూ క్రూరులు కారు. జింకలను చూసి మురిసిపోయినవారే!

ఆ తరువాత అక్కడివాళ్ళు తవుడు కలిపిన గుజ్జుతో, జింక తిన్నా ప్రమాదం లేని కాగితం సంచులు తయారుచేశారు.

మరి మన వీధిలో ఆవు ఏం తింటోందో ఎప్పుడైనా చూశారా? మిగిలిన అన్నం, కూరగాయల తొక్కులు ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి పారేస్తే, సంచితో సహా మింగేస్తుంది. గోమాతకు దణ్ణం పెట్టే చేత్తోనే ఈ పని చేయవచ్చునా? తొక్కులు విడిగా వేద్దాం. విహారానికి వెళితే, తెచ్చుకున్న సంచులు తిరిగి ఇంటికే తెచ్చుకుందాం. ఇందులో ఖర్చేమీ లేదు. ఇంటి సంచీ సర్దేది మనమే కనుక, ఈ అలవాటు కూడా మన చేతిలోనే ఉంది.