పాస్‌పోర్టు మారితే పని మారుతుందా?



మా ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్యనే గడిచింది. పదవీ విరమణ తరువాత కూడా వించిపేట, భవానీపురం ఇళ్లలో పాస్‌పోర్టు దరఖాస్తులు నింపుతూనే ఉన్నాము. ఒకే వీధి నుండి ఒక కుర్రవాడు కువైట్‌కు డ్రైవరుగా, మరొకడు అమెరికాకు ఇంజనీరుగా వెళ్తాడు. ఇరవై ఏళ్ల తరువాత వారి మధ్య కనిపించే అంతరానికి చదువే కారణమంటాము. అది సగమే నిజం.

గల్ఫ్‌లో మనవాడు ఎన్నేళ్లు చెమటోడ్చినా సాధారణంగా పౌరుడు కాలేడు. అతని నివాసానుమతి కఫీల్‌తో ముడిపడి ఉంటుంది. జీతం చాలనప్పుడు మరో యజమానిని వెతుక్కోగలగడమే శ్రామికుని బలం. ఆ బలమే అక్కడ కరువు. ఖతర్ 2020లో, సౌదీ అరేబియా 2021లో ఈ ముడిని కొంత సడలించాయి. అయితే సౌదీ సంస్కరణ ఇంటి డ్రైవర్లకు, ఇంటిపనివారికి వర్తించలేదు. మేము దరఖాస్తులు నింపినవారిలో అధికులు వారే!

అమెరికాలోనూ హెచ్-1బి వీసాపై ఉన్నవాడు మొదట యజమానికి కట్టుబడినవాడే. ఆధారిత వీసాపై వెళ్లిన భార్యకు, ఎంత చదివినా, 2015 వరకు పనిచేసే అనుమతే లేదు. గ్రీన్‌కార్డుతో ఆ కట్టు తెగుతుంది. సాధారణంగా మరో ఐదేళ్లకు పౌరసత్వం కోరవచ్చు.

స్విట్జర్లాండ్‌లో ఒకప్పుడు కొన్ని ఊళ్లలో విదేశీయుల పౌరసత్వ దరఖాస్తులపై ఊరివారే ఓట్లు వేసేవారు. కొద్ది ఓట్లతో నెగ్గినవారిని, కొద్ది ఓట్లతో ఓడినవారిని పరిశోధకులు ఏళ్ల తరబడి పోల్చారు. నెగ్గినవారి సంపాదన పెరిగింది, అందులోనూ అట్టడుగువారికే ఎక్కువ మేలు జరిగింది. పౌరుణ్ణి రేపు వెళ్లిపోయే మనిషిగా యజమాని చూడడు కదా.

దానికి మూల్యమూ ఉంది. మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. ఓసీఐ కార్డుదారుకు ఇక్కడ ఓటు లేదు. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు గాని, కృష్ణా కాలువ కింద కొత్తగా అరెకరం కొనలేడు.

పౌరసత్వం దొరకని చోటికి వెళ్లేవారికి కాగితమే రక్ష. పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవకు చెందుతుంది. గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే వారికి వలస అనుమతి తప్పనిసరి. దానితోపాటు పది లక్షల రూపాయల ప్రమాద బీమా వస్తుంది. మా వీధి ఆడబిడ్డ ఒకామెను ఏజెంటు సందర్శక వీసాపై పంపాడు. జీతం రాక తిరిగి వచ్చిన ఆమె, ఫిర్యాదు చేయబోతే పనికి వెళ్లినట్టే ఏ దస్త్రంలోనూ లేదు. దస్త్రాలే ప్రపంచమనుకున్న మాకు ఆనాడు నోట మాట రాలేదు.

మీ ఇంట ఎవరైనా ప్రయాణమవుతుంటే, సంతకం పెట్టకముందే ఒప్పంద పత్రంతో మా వద్దకు రండి. చదివి చెబుతాము.