తేలు, జలగ, జెర్రి కలిపిన క్యాప్సూల్ గుండెపోటుకి పనిచేస్తుందా?

"చైనా మందుతో గుండెలో బ్లాకులు మాయం, స్టెంట్ అక్కర్లేదు" అనే ఫార్వర్డ్ మీలో చాలామంది పంపారు. ఇందులో నిజమెంత, కలిపిందెంత? ఈరోజు అదే చూద్దాం.

ముందు జబ్బు సంగతి. రక్తనాళంలో అడ్డుపడి, అవతలి భాగానికి రక్తం అందకపోతే దాన్ని ఇస్కీమియా అంటారు. గుండెలో అయితే హార్ట్ ఎటాక్, మెదడులో అయితే స్ట్రోక్. రెండిట్లోనూ ప్రతి నిమిషం విలువైనదే.

ఇప్పుడు మందు. దాని పేరు టాంగ్‌షిన్‌లువో. చైనా సంప్రదాయ వైద్యం లెక్కలో తయారైంది. జిన్సెంగ్ వేరు, జలగ, తేలు, జెర్రి, రెక్కల్లేని ఒకరకం బొద్దింక... ఇవన్నీ పొడి చేసి క్యాప్సూల్‌లో పెడతారు. ఛీ అనకండి, అసలు కథ ఇప్పుడే మొదలవుతుంది.

చైనాలో 124 ఆసుపత్రుల్లో, పెద్ద హార్ట్ ఎటాక్ వచ్చిన 3,777 మంది మీద దీన్ని పరీక్షించారు. సగం మందికి అసలు మందు, సగం మందికి అలాగే కనిపించే ఉత్తుత్తి క్యాప్సూల్. ఎవరికి ఏది ఇచ్చారో డాక్టరుకీ తెలీదు, పేషెంటుకీ తెలీదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఏ/బీ టెస్టింగ్ లాంటిదే అన్నమాట. ఫలితాలు 2023లో జామా అనే పెద్ద మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. 30 రోజుల్లో గుండె జబ్బుతో చావు, మళ్ళీ ఎటాక్, స్ట్రోక్ లాంటివి ఉత్తుత్తి క్యాప్సూల్ వాళ్ళలో 5.2 శాతం, అసలు మందు వాళ్ళలో 3.4 శాతం. అంటే వందలో ఇద్దరికి కాస్త తక్కువగా మేలు. కడుపు ఇబ్బందులు మాత్రం మందు వాడినవాళ్ళలోనే ఎక్కువ.

ఇక్కడే ఫార్వర్డ్ దాచిన పాయింట్ ఉంది. ఆ రెండు గుంపులకీ మామూలు ఆసుపత్రి వైద్యం ఇచ్చారు. ఈ క్యాప్సూల్ దానికి తోడు మాత్రమే, దానికి బదులు కాదు!

సరే, ఒకటి పాసైంది కాబట్టి అన్నీ పాసా? కాదు. న్యూరోఎయిడ్ అని స్ట్రోక్‌కి వాడే ఇంకో చైనా మందు ఉంది. ఆసియా దేశాల్లో 1,100 మంది మీద ఇలాగే పరీక్షించారు, 2013లో ఫలితం వచ్చింది. మూడు నెలల తర్వాత చూస్తే, చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ ఆ సంప్రదాయంలోవే. ఏది పనిచేస్తుందో తేల్చింది పాతదనం కాదు, పరీక్ష.

ఇంకో డేంజర్ కూడా ఉంది. డాన్‌షెన్ అనే చైనా మూలికని గుండెకి మంచిదని వాడతారు. రక్తం పలచబడటానికి ఇచ్చే వార్ఫరిన్‌తో అది కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. "మూలికే కదా, ఏం కాదులే" అనుకోవద్దు.

ఇంట్లో నాన్నకో అమ్మమ్మకో స్టెంట్ వేసి ఉంటే, ఈ ఫార్వర్డ్ చూసి బిళ్ళలు ఆపేశారేమో ఈరోజే అడగండి. ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు. ఏ మూలిక వాడుతున్నా డాక్టరుకి చెప్పమనండి. ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా గూగుల్ చేయకండి, 108కి ఫోన్ చేయండి.

వీడియో నచ్చితే ఆ ఫార్వర్డ్ వచ్చిన ఫ్యామిలీ గ్రూపులోనే దీన్నీ పెట్టండి.