స్థిరత్వం ఎవరిది? మైక్రోఫైనాన్స్ సంక్షోభం చెప్పిన పాఠం



బ్యాంకుల నియంత్రణ అనగానే అదేదో మనకు సంబంధం లేని చదువు అనుకుంటాం. బాబాసాహెబ్ అలా అనుకోలేదు. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకమే రాశారు. తర్వాత హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చారు. విదేశీ మారకపు రేటు కంటే దేశంలో రూపాయి కొనుగోలు శక్తి నిలకడగా ఉండటమే ముఖ్యమన్నారు. అందుకే స్థిరత్వం అనే మాట వినగానే నేను అడుగుతాను: ఎవరి స్థిరత్వం?

2010 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను గుర్తు చేసుకుందాం. బ్యాంకులు మైక్రోఫైనాన్స్ కంపెనీలకు అప్పులిచ్చేవి. అది ప్రాధాన్యతా రంగం కింద లెక్కయ్యేది. కంపెనీలు ఆ డబ్బునే ఎక్కువ వడ్డీకి మహిళల గ్రూపులకు ఇచ్చేవి. తాకట్టు పెట్టడానికి సెంటు భూమి లేని మన ఆడవాళ్లకు అదొక దారిగా కనిపించింది. ఒకరు కట్టకపోతే గ్రూపంతా కట్టాలి. అంటే ఇరుగుపొరుగు ముందు పరువే తాకట్టు.

ఒకే ఇంట్లో నాలుగైదు అప్పులు. ఈ వారం వాయిదాకు ఇంకో కంపెనీ దగ్గర అప్పు. కాగితం మీద మాత్రం వసూళ్లు 95 శాతం పైనే. ఆ అంకె చూసి బ్యాంకులు ఇంకా ఇచ్చాయి, షేర్ మార్కెట్ మురిసిపోయింది. ఆ ఇంటి మొత్తం అప్పెంత, నెలకు వచ్చేదెంత అన్న లెక్క ఆ అంకెలో లేదు.

వేధింపులు, ఆత్మహత్యల వార్తల తర్వాత అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు 10 శాతం దరిదాపులకు పడిపోయాయి. బ్యాంకులు చెయ్యి వెనక్కి తీసుకున్నాయి. ఈ గొడవతో సంబంధం లేని రాష్ట్రాల్లోనూ పేద మహిళలకు అప్పు పుట్టడం కష్టమైంది. ఆర్డినెన్సే ముంచిందని కంపెనీల వాదన. నేను ఒప్పుకోను. కొత్త అప్పుతో పాత అప్పు తీరుతున్న చోట, కొత్తది ఆగిన రోజే పాతదీ ఆగుతుంది.

మాలేగాం కమిటీ నివేదిక తర్వాత, 2011లో రిజర్వ్ బ్యాంక్ ఈ కంపెనీలకు ప్రత్యేక నిబంధనలు పెట్టింది. ఒకరికి రెండుకు మించి కంపెనీలు అప్పివ్వకూడదంది, వడ్డీకి హద్దు గీసింది. 2022లో ఆ వడ్డీ హద్దు తీసేసింది. బదులుగా, కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదంది. మంచి నిబంధనే. కానీ ఆ ఆదాయం ఎంతో అంచనా వేసేది అప్పిచ్చేవాడే! 2025లో కర్ణాటక కూడా వేధింపుల మీద ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

బ్యాంకు దగ్గర ఎంత మూలధనం ఉందో తనిఖీ చేస్తారు. చేయాల్సిందే. వాయిదా కట్టాక ఆ ఇంట్లో బియ్యానికి, బడి ఖర్చుకు ఎంత మిగిలిందో కూడా అంతే గట్టిగా తనిఖీ చేయాలి. ఆమె కూలితే కంపెనీ కూలుతుంది, దాని వెనక బ్యాంకుకూ దెబ్బ తగులుతుంది. ఇది జాలి మాట కాదు, లెక్క.

మనం చేయగలిగింది కూడా ఉంది. మైక్రోఫైనాన్స్ అప్పు వివరాలు మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత వసూళ్ల కోసం ఫోన్లు చేయకూడదు. ఫిర్యాదుకు కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ మూడు మాటలు మీ వాడలో ప్రతి గ్రూపుకూ చేర్చండి.

జై భీమ్.