అంకెను అడగవలసిన మూడు ప్రశ్నలు



మన సభలలో తరచు ఒక మాట వినబడుతుంది: "మా తాలూకాలో బాలింతలు ఎక్కువగా మరణిస్తున్నారు. ఆసుపత్రిలో చెప్పే మాట మాకు బోధపడకపోవటమే కారణం." ఆ బాధ నిజమైనదే. కాని బాధ ఫిర్యాదుకు మూలం మాత్రమే, నిరూపణకు లెక్క కావాలి. న్యాయవాదిగా నేను నేర్చుకున్న పాఠమిది. ఆరోగ్య గణాంకాలను పరిశీలించటానికి గణిత పాండిత్యం అక్కరలేదు. మూడు ప్రశ్నలు చాలు.

మొదటిది: ఎంతమందిలో? 1846లో వియన్నా జనరల్ ఆసుపత్రి మొదటి ప్రసూతి విభాగంలో 459 మంది, రెండవ విభాగంలో 105 మంది తల్లులు మరణించారు. ప్రసవాలు వరుసగా 4,010, 3,754 అని తెలిసిన తరువాతనే నూటికి 11.4, 2.8 అన్న రేట్లు తేలాయి. హారం లేని మరణసంఖ్య సాక్ష్యం కాదు.

రెండవది: ఎవరితో పోల్చి? రెండు విభాగాలూ రోజు విడిచి రోజు గర్భిణులను చేర్చుకొనేవి. కనుక ఇరువైపులా వచ్చిన స్త్రీలు ఇంచుమించు ఒకే తీరువారు. ఆ ఆసుపత్రి వైద్యుడు సెమ్మెల్‌వైస్ గాలి, రద్దీ, ఆహారం వంటి కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి తోసిపుచ్చాడు. మిగిలిన భేదం ఒకటే. మొదటి విభాగంలో శవపరీక్షలు చేసి వచ్చే వైద్య విద్యార్థులుండేవారు, రెండవ దానిలో మంత్రసానులుండేవారు. 1847 మే నెలలో ఆయన క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాడు. 1848లో మొదటి విభాగంలో 3,556 ప్రసవాలకు 45 మరణాలే సంభవించాయి. రెండు విభాగాల రేటూ నూటికి దాదాపు 1.3కు చేరింది.

మనమూ ఇదే చేయాలి. ఆసుపత్రికి దూరం, ఆదాయం, చదువు సమానంగా ఉన్న తెలుగు తల్లులనూ ఇతర భాషల తల్లులనూ పోల్చాలి. అప్పటికీ తేడా మిగిలితేనే భాషను కారణంగా అనుమానించటానికి ఆధారం దొరుకుతుంది.

మూడవది: ఏ ప్రాంతం, ఎంత నమూనా? 2018-20 నమూనా నమోదు వ్యవస్థ లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు మహారాష్ట్రలో 33, తమిళనాడులో 54, కర్ణాటకలో 69, ఒడిశాలో 119. ఇవి రాష్ట్ర సగటులు. వీటిలో బళ్లారి గానీ, హోసూరు గానీ, రాయగడ గానీ విడిగా కనబడవు. ఇవి అరుదైన మరణాలు కనుకనే మూడేళ్ల లెక్కలు కలుపుతారు. ఏటా 100 జననాలుండే ఊళ్లలో ఒక్క తల్లి మరణిస్తే రేటు లక్షకు 1,000 అవుతుంది, మరుసటి ఏడు సున్నా అవుతుంది. రెండూ నమ్మదగినవి కావు. చిన్న ప్రాంతాలలో గర్భిణీ పరీక్షలు ఎందరికి జరిగాయి, ఆసుపత్రి ప్రసవాలెన్ని అన్నవి చూడటం మేలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 707 జిల్లాలలో సుమారు 6.37 లక్షల కుటుంబాలను పలకరించింది. ఈ వివరాలు అందులో జిల్లాలవారీగా లభిస్తాయి.

ఇక కర్తవ్యం. 2005 సమాచార హక్కు చట్టం క్రింద మీ తాలూకా ఐదేళ్ల జననాలు, ప్రసూతి మరణాలు రెండూ కోరండి. దరఖాస్తు ఆ ప్రాంత అధికార భాషలో గానీ, ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ ఉండవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానమివ్వాలి.

మాతృభాష నమోదు కాని చోట మనమే సర్వే జరపవచ్చు. మన సభకు వచ్చినవారినే అడిగితే మనకు నచ్చిన జవాబే వస్తుంది. కనుక వీధికి ప్రతి పదవ ఇంటినీ ఎంచుకొని, వారి భాషలోనే, అందరినీ ఒకే ప్రశ్న అడగాలి. ఇబ్బంది లేదన్నవారినీ లెక్కించాలి. పేర్లు గోప్యంగా ఉంచాలి.

ఫలితం మన వాదానికి విరుద్ధంగా వచ్చినా దాచరాదు. కారణం దూరమని తేలితే అంబులెన్సు కోరుదాం, భాష అని తేలితే తెలుగు తెలిసిన నర్సును కోరుదాం. తప్పు కారణంపై గెలిచిన కోర్కె ఏ తల్లినీ కాపాడలేదు.