ఉరికినా దిక్కు తప్పని బొంగరాలు

టాంపినీస్ నుంచి మీ సూపర్‌వైజర్‌ను మాట్లాడుతున్న. ఈ వారం ముచ్చట లేజర్‌తో కణాలను ఉరికించుడు. పేరు వినంగనే బంద్ చెయ్యకండి.

సైట్ల పైపు వెల్డింగ్‌కు రాత్రిపూట రేడియోగ్రఫీ చేస్తరు కదా. తాడు కట్టి, అందరినీ దూరం పంపి, ఇరిడియం-192 డబ్బా తెరుస్తరు. వేగంగా ఉరికే ఎలక్ట్రాన్లను లోహానికి గుద్దిచ్చినా పగులు చూపించే ఎక్స్‌రేలు పుడతయి. కానీ ఎక్కువ శక్తి కావాలంటే మిషన్ పెద్దగైతది. అమెరికాల స్టాన్‌ఫర్డ్ కాడ ఉన్నది సుమారు 3 కిలోమీటర్లు. మన టాంపినీస్ ఎంఆర్‌టీ కాడ మొదలుపెడితే సిమెయ్ దాటిపోతది.

1979ల తజిమా, డాసన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరే దారి చెప్పిండ్రు. గోదావరిల లాంచీ పోతే వెనక అల లేస్తది గదా. ప్లాస్మాలకెళ్లి లేజర్ పోతే కూడా అట్లనే అల లేస్తది, ఎలక్ట్రాన్లు దానిమీద ఎక్కి ఉరుకుతయి. 2019ల బర్కిలీ ల్యాబ్ వాళ్లు 20 సెంటీమీటర్లలోనే దాదాపు 8 బిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి తెచ్చిండ్రు.

అసలు చిక్కు వేగం కాదు, దిక్కు. ఎలక్ట్రాన్, ప్రోటాన్ లాంటి కణాలకు స్పిన్ అని ఒక గుణం ఉంటది. బొంగరం అనుకోండి (నిజంగా తిరగదు, మనకు అర్థం కావడానికి). బొంగరాలన్నీ ఒకే దిక్కున ఉంటే పోలరైజ్డ్ బీమ్ అంటరు. ప్రోటాన్ లోపలి నిర్మాణం చూడటానికి ఇది కావాలె. అయస్కాంత క్షేత్రంల ఒక్కో బొంగరం ఒక్కో తీరుగ ఊగితే వరుస చెడిపోతది.

లేజర్ దెబ్బ ఎంత చిన్నదంటే, దిక్కు సరిచేసే టైం దానికి ఉండదు. చెడగొట్టే టైం కూడా పెద్దగా ఉండదని లెక్కలు చెప్తున్నయి. అందుకే ముందే వరుస పెట్టి, తర్వాత కొట్టాలె. కాంక్రీట్ పోసినంక రాడ్లు సరిచేస్తమా? జర్మనీల యూలిష్ కేంద్రం శాస్త్రవేత్తలు ముందే పోలరైజ్ చేసిన హీలియం-3 గ్యాస్‌ను డార్మ్‌స్టాట్‌ల ఫెలిక్స్ లేజర్‌తో కొట్టిండ్రు. బయటికొచ్చిన అయాన్లల ఆ వరుస మిగిలిన ఆనవాళ్లు కనబడ్డయి. ఎలక్ట్రాన్ల సంగతి ఇంకా ఎక్కువగా కంప్యూటర్ లెక్కలల్లనే ఉన్నది.

మన హైదరాబాద్‌ల గోపన్‌పల్లి కాడ టీఐఎఫ్ఆర్ ఉన్నది. అక్కడోళ్లు మిథనాల్ చుక్కల మీద లేజర్ కొట్టి, మామూలుగా కావాల్సిన తీవ్రతల వందో వంతుతోనే బలమైన ఎలక్ట్రాన్లు తీసిండ్రు, 2024ల. అది స్పిన్ పని కాదు, కానీ చిన్న మిషన్ దిక్కు అడుగే.

ఇదంతా ఎందుకు చెప్తున్న అంటే, మన డార్మెటరీల ఒక అన్న కొడుకు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి ఇసొంటి పరిశోధనకే పోతా అంటున్నడు. అన్నేమో ఏజెంటుకు పైసలు కట్టి ఇక్కడికే పిలిపిస్తా అంటున్నడు. "గాలిని లేజర్‌తో కొడితే కూడు వస్తదా తమ్మీ?" అని నన్నే అడిగిండు.

వస్తది అన్నా. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు. ఇక్కడికొస్తే మొదటి ఏడాది ఏజెంటు అప్పుకే పాయె. పిల్లగానికి పరీక్ష రాయనియ్యి. ఇంటర్వ్యూకు పిలిస్తే హైదరాబాద్ బస్ టికెట్ పైసలు పంపు.