చేబదులూ అప్పూ దానమూ



ముప్ఫై నలభై ఏళ్లు బ్యాంకు కౌంటర్ల వెనక కూర్చుని, ఎవరికి అప్పివ్వాలో ఎవరికి ఇవ్వకూడదో తేల్చినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఆ తర్వాతా బ్రిటన్‌కూ యూరప్‌కూ అమెరికా చేసిన సాయం గురించి చరిత్రకారులు ఎనభై ఏళ్లుగా ఒకే మాట మీద కొట్లాడుకుంటున్నారు: ఉదారంగా ఇచ్చిందా, స్వార్థంతో ఇచ్చిందా అని. ఇచ్చేవాడి మనసులో ఏముందో ఎవరు చూడొచ్చారు? మీరైతే ముందు పత్రం తెప్పించుకుంటారు. గడువు ఎంత, వడ్డీ ఎంత, తీర్చే దారి ఉందా అని చూస్తారు. నేనూ అలాగే చూడాలనుకుంటున్నాను. పన్నెండేళ్ల లోపల అమెరికా అదే బ్రిటన్‌కు మొదట చేబదులు ఇచ్చింది, తర్వాత అప్పు ఇచ్చింది, ఆఖరున చాలా మటుకు ఊరికే ఇచ్చేసింది.

దీనికి ముందు ఒక మొండి బాకీ ఉంది. మొదటి యుద్ధంలో అమెరికా దగ్గర తీసుకున్న అప్పును 62 ఏళ్ల వాయిదాల్లో తీరుస్తామని బ్రిటన్ 1923లో ఒప్పుకుంది. 1934లో చెల్లింపు ఆపేసింది. మిగతా దేశాలూ అదే దారి పట్టాయి, వాయిదాలు నిలబెట్టుకున్నది ఫిన్లాండ్ ఒక్కటే. అమెరికన్లకు కడుపు మండింది. బాకీ ఎగవేసిన దేశాలకు మళ్లీ అప్పివ్వకూడదని అదే ఏడాది జాన్సన్ చట్టం తెచ్చారు. అయితే ఇందులో వాళ్ల తప్పూ ఉంది. 1930లో దిగుమతి సుంకాలు విపరీతంగా పెంచి, బాకీదారు సరుకు తమ దేశంలో అమ్ముడుపోకుండా చేసుకున్నారు. సరుకు కొనకుండా డాలర్లలో బాకీ తీర్చమంటే అవతలివాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

1939లో యుద్ధం మొదలయ్యాక అమెరికా చట్టం చెప్పింది ఒకటే: రొక్కం కట్టు, నీ ఓడలో తీసుకెళ్లు. 1940 చివరికి బ్రిటన్ దగ్గర బంగారమూ డాలర్లూ అడుగంటాయి. ఆ డిసెంబరు 17న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విలేకరులను పిలిచి ఒక పోలిక చెప్పాడు. పక్కింటికి నిప్పంటుకుంది, తోటకు నీళ్లు పెట్టే గొట్టం నా దగ్గరుంది. దాని ఖరీదు 15 డాలర్లు, ముందు అది కట్టు అంటానా? మంట ఆరాక నా గొట్టం నాకిస్తే చాలు. మన ఊళ్లలో పొరుగింటికి చేబదులు ఇచ్చే తీరు ఇదే. అందులో వడ్డీ ఉండదు, నోటు రాయించుకోరు. లెండ్-లీజ్ చట్టం పుట్టింది ఈ పోలికలోంచే.

బిల్లుకు 1776 అన్న సంఖ్య వేశారు, వాళ్ల స్వాతంత్ర్య సంవత్సరం. దాని మీద రెండు నెలలు జరిగిన వాదన ప్రజాస్వామ్యం మీద నమ్మకమున్న ప్రతివారూ చదవదగ్గది. యుద్ధ సామగ్రిని చేబదులివ్వడం చూయింగ్ గమ్ చేబదులివ్వడం లాంటిదన్నాడు సెనేటర్ టాఫ్ట్. నమిలేశాక ఎవరు వెనక్కి తీసుకుంటారు? సెనేటర్ వీలర్ ఇంకా కఠినంగా మాట్లాడాడు. అంతకుముందు ధరలు నిలబెట్టడానికి ప్రభుత్వం చేలో నిలబడ్డ పత్తిని దున్నించేసింది. ఈ బిల్లు అలాగే ప్రతి నాలుగో అమెరికన్ కుర్రాణ్ణి మట్టిలో కలిపి దున్నేస్తుందన్నాడు. రూజ్‌వెల్ట్ చేతిలో ఎన్నికలో ఓడిన విల్కీ మాత్రం బిల్లు వైపే నిలిచాడు. ప్రతినిధుల సభలో 260–165, సెనేట్‌లో 60–31 ఓట్లతో నెగ్గి, 1941 మార్చి 11న చట్టమైంది.

వ్యతిరేకించినవాళ్లను మూర్ఖులుగా చూపించడం నాకు నచ్చదు. ఈ సాయం తమ దేశాన్ని యుద్ధంలోకి లాగుతుందన్న వాళ్ల భయంలో నిజముంది. సరుకు మునగకుండా చేరాలంటే ఓడలకు కాపలా కావాలి. 1941 శరత్కాలానికే అట్లాంటిక్‌లో అమెరికా నౌకాదళానికీ జర్మన్ జలాంతర్గాములకూ కాల్పులు జరిగాయి. కానీ మంట తమ గడప దాకా రాదని వాళ్లు వేసిన లెక్క తప్పింది.

చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చినది చెల్లింపు షరతు. డబ్బుగానో వస్తువుగానో లేదా అధ్యక్షుడికి తృప్తి కలిగించే మరే ప్రయోజనంగానో తీర్చవచ్చు. పాత మొండి బాకీ నేర్పిన పాఠం ఆ వాక్యంలో ఉంది. యుద్ధం ముగిసేసరికి ఇచ్చింది మొత్తం సుమారు 5,000 కోట్ల డాలర్ల సరుకు, అందులో 3,000 కోట్లకు పైగా బ్రిటన్‌కూ దాని సామ్రాజ్యానికీ వెళ్లింది. దానికి ప్రతిగా సామ్రాజ్య దేశాల మధ్య ఉన్న సుంకాల రాయితీలను సడలించుకోవాలని 1942 ఒప్పందంలో మాట తీసుకున్నారు. వడ్డీ లేదుగానీ షరతు ఉంది.

జపాన్ లొంగిపోయిన కొద్ది రోజులకే, 1945 ఆగస్టులో, కొత్త అధ్యక్షుడు ట్రూమన్ లెండ్-లీజ్ ఆపేశాడు. బ్రిటన్ తరఫున ఆర్థికవేత్త కీన్స్ వాషింగ్టన్ వెళ్లాడు. మేము మీకన్నా రెండేళ్లు ముందే ఒంటరిగా పోరాడాం, ఆ ఖర్చులో మీ వంతుగా ఊరికే ఇవ్వండి, కాకపోతే వడ్డీ లేకుండా ఇవ్వండి అన్నది ఆయన వాదన. చేతికొచ్చింది 375 కోట్ల డాలర్ల అప్పు, రెండు శాతం వడ్డీ, 1951 నుంచి 50 వార్షిక వాయిదాలు. పైగా ఒక షరతు: అప్పు అమల్లోకొచ్చిన ఏడాదికి పౌండును ఎవరడిగితే వాళ్లకు డాలర్లుగా మార్చి ఇవ్వాలి. 1947 జూలై 15న తలుపు తెరిచారు. పౌండ్లు చేతిలో ఉన్నవాళ్లంతా డాలర్ల కోసం ఎగబడ్డారు. ఆగస్టు 20న తలుపు మూసేశారు. అయిదు వారాలు! యుద్ధం నడిచినంత కాలం రేషన్ లేని రొట్టెకు 1946లో రేషన్ పెట్టుకున్న దేశం అది. అలాంటి బాకీదారుకు ఆ షరతు పెట్టినవాడు తన సొమ్మును తానే ముంచుకున్నాడని మీరు ఒప్పుకుంటారు.

ఇక్కడ మన దేశపు పద్దు ఒకటి తీయాలి. యుద్ధంలో బ్రిటన్ మన దగ్గర కొన్న సరుకుకు ఇక్కడ రూపాయలు ఇవ్వలేదు, లండన్‌లో రిజర్వ్ బ్యాంకు పేర పౌండ్లు జమ వేసింది. వాటిని చూపి ఇక్కడ నోట్లు అచ్చేశారు. ధరలు మండిపోయాయి, ఆ మంటలోనే 1943 బెంగాల్ కరువు వచ్చింది. అలా పోగైన మన నిల్వ సుమారు 130 కోట్ల పౌండ్లు. అమెరికా ముందు యుద్ధ ఖర్చు పంచుకోమని అడిగిన కీన్స్, మన నిల్వలో కొంత రద్దు కావాలన్న పక్షమే. అమెరికా అప్పు పత్రంలో కూడా ఇలాంటి నిల్వల్లో కొంత భాగం సర్దుబాటు అవుతుందన్న మాట చేరింది. చివరికి మన నిల్వను అలా కొట్టెయ్యలేదు, విడతలుగా వదిలారు. అయినా ఈ సంగతి నన్ను బాధపెడుతుంది. ఆకలితో ఉన్న బాకీదారు తనకన్నా ఆకలితో ఉన్న అప్పిచ్చినవాడి ముందు చేయి వెనక్కి లాక్కోబోయాడు.

1947 జూన్ 5న హార్వర్డ్‌లో అమెరికా విదేశాంగ మంత్రి మార్షల్ యూరప్‌కు సాయం ప్రతిపాదిస్తూ చేసిన ప్రసంగానికి నేపథ్యం యూరప్‌లోని ఈ డాలర్ల కరువే. టాఫ్ట్ అంత డబ్బెందుకన్నాడు. మాజీ ఉపాధ్యక్షుడు వాలెస్ ఇది యుద్ధానికి దారి అన్నాడు. 1948 ఫిబ్రవరిలో ప్రాగ్‌లో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకోవడంతో ఊగిసలాడేవాళ్లు తేల్చుకున్నారు. భయం పనిచేసిందన్నది దాచాల్సిన పని లేదు. 16 దేశాలకు నాలుగేళ్లలో దాదాపు 1,300 కోట్ల డాలర్లు, అందులో బ్రిటన్ వాటా 300 కోట్లకు పైనే.

ఆ పథకంలో ఒక ఏర్పాటు బ్యాంకువాళ్లకు ముచ్చట వేసేది. ఫ్రాన్స్‌లో ఒక రైతు అమెరికన్ ట్రాక్టర్ కొన్నాడనుకోండి. డాలర్లు అమెరికా కడుతుంది, రైతు మాత్రం తన ఫ్రాంకులు కట్టాల్సిందే. ఆ ఫ్రాంకులు అమెరికాకు పోవు, ఫ్రాన్స్ ప్రభుత్వ ఖాతాలో ప్రత్యేకంగా పడతాయి. అయిదు శాతం పోగా మిగతాది అమెరికా అనుమతితో దేశం పునర్నిర్మాణానికి వాడుకోవాలి. ఒక్క డాలరు రెండుసార్లు పనిచేసిందన్నమాట. ఫ్రాన్స్ గనుల్లో, విద్యుత్తులో పెట్టింది. బ్రిటన్ ప్రభుత్వ రుణం తగ్గించుకుంది. జర్మనీ 1948లో పెట్టిన పునర్నిర్మాణ బ్యాంకు ద్వారా పరిశ్రమలకు అప్పులిచ్చింది. తిరిగొచ్చిన సొమ్ము మళ్లీ అప్పుగా వెళ్లింది. ఆ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది.

మార్షల్ సాయం లేకున్నా యూరప్ కోలుకునేదే, 1947 నాటికే ఉత్పత్తి లేస్తోంది అన్నాడు చరిత్రకారుడు మిల్వర్డ్. అప్పుడు యూరప్‌కు ప్రధాన కొరత డాలర్లదే అన్న ఆయన మాటతో నేను ఏకీభవిస్తాను. కానీ ఆ డాలర్లు రాకపోతే యంత్రాల దిగుమతి తగ్గించుకోవాలి, లేదా జనం కడుపు మాడ్చాలి. అప్పటికే రేషన్లతో విసిగిన జనాన్ని ఇంకా బిగించమని ఏ ఎన్నికైన ప్రభుత్వం అడగగలిగేది?

బ్రిటన్ ఆ 1945 అప్పులో ఆరు ఏళ్ల వాయిదాలను వెనక్కి జరుపుకుంది. 1951 నుంచి 50 వాయిదాలంటే 2000తో ముగియాలి. ఆరు కలిపితే 2006. ఆ ఏడాది డిసెంబరు చివర్లో సుమారు 8.3 కోట్ల డాలర్లతో ఆఖరి వాయిదా కట్టారు. 1934లో ఆగిన మొదటి యుద్ధపు బాకీ మాత్రం ఆ రోజుకూ పుస్తకాల్లో అలాగే ఉంది.